గంధం జీపు

మాలకొండమ్మకు కామమ్మ చెప్పిందంట. కామమ్మకు సోడాల సుబ్బు చెప్పినాడంట. సుబ్బు కళ్లారా చూసినాడా, వాడికీ ఇంకెవరైనా చెప్పినారా అన్నది మాత్రం పిట్టగోడ దాటి ఇవతలికి రాలేదు.

"నిన్న పొద్దుగూకే యాళకి మీ ఆయన కాలవ బ్రిడ్జి మీంచి జీపు దించినాడంట గదా," అంది మాలకొండమ్మ, గోడ మీద గడ్డం ఆనించి. "బండి ఆగలేదంట. ఈయన తొక్కతానే ఉండాడంట, అది పోతానే ఉండాదంట. చివరికి దిబ్బ ఇసకలో కూరుకోని ఆగిందంట గానీ, మనిషి ఆపితే ఆగింది గాదంట."

దిల్షాద్ చేతులు పళ్లెంలో ఆగిపోయాయి. సాయంత్రం ఫాతెహాకి మలీద కలుపుతోంది. నలిపిన రొట్టె, బెల్లం, నెయ్యి కలిసి వేళ్లకు అంటుకుని ఉన్నాయి.

"సుబ్బు మాటలకేం లే అక్కా. వాడు సోడా కంటే ఎక్కువ పొంగతాడు."

"నేనూ అదే అన్యాను. ఇంకో మాట గూడా అన్యాడంట వాడు. మీ మామ ఇంకా ఆ సీట్లోనే కూసోనుండాడంట. కొడుకు బ్రేకు మీద కాలు పెడితే ఆయన ఆ కాలు పక్కకి తోసేస్తుండాడంట." మాలకొండమ్మ పైట కొంగుతో నోరు నొక్కుకుంది. "నేను నమ్మలేదు తల్లీ. నమ్మితే సాయంత్రం నా మనవణ్ణి మీ బండి ఎక్కిస్తానా. వాడు కడుపులో ఉండంగా మొక్కుకున్న మొక్కు గదా అది."

ఆమె వెళ్లిపోయింది. దిల్షాద్ నవ్వుదామనుకుంది, నవ్వలేకపోయింది.

మామ దయ్యమంటే ఆమెకు భయం లేదు. పెద్దాయన మంచంలో, పెళ్లాం చెయ్యి పట్టుకుని, కల్మా చెప్పించుకుని పోయినాడు. తిరిగొచ్చి జీపులో కూర్చోవాల్సిన పని ఆయనకేం లేదు. ఆమెకు వణుకు పుట్టించింది ఇసక.

నిన్న చీకటి పడేముందు మొగుడు దరియావలి వచ్చి బావికాడ కాళ్లు కడుక్కున్నాడు. యాడికి పోయినావంటే, రొయ్యల గుంట కాడ నీళ్ల ఇంజిను మొరాయిస్తే పోయినా అన్నాడు. గుంటల కాడ ఉండేది నల్ల బురద. బావి చప్టా మీద మిగిలింది తెల్లటి దిబ్బ ఇసక. ఆమె చూసింది, చీపురుతో ఊడ్చేసింది, అడగలేదు. దరియావలి అబద్ధాలు చెప్పే మనిషి కాడు. చెప్పినాడంటే వెనకాల పెద్ద భయమే ఉండాలి.

 

దిబ్బ మీద బాబా దర్గాకి ఉరుసునాడు గంధం ఎత్తేది ఈ ఇల్లే. దరియావలి తాత తలమీద మోసినాడు. నాయన జీపులో మోసినాడు. పెద్దాయన పోయినాక జీపు పాకలో పడింది, సముద్రం గాలికి రేకులు అప్పడాల్లా పొరలు లేచినాయి. పోయినేడు గంధం బాడుగ ట్రాక్టరులో పోయింది. ఆనాడే దర్గా కమిటీ పెద్ద అర్మాన్, దరియావలికి వరసకి తమ్ముడే, నలుగురి ముందర అన్నాడు: "వచ్చే ఉరుసుకి బండి లేకపోతే మా వ్యానులో ఎత్తుతాం అన్నా. ఒకసారి ఎత్తినాక మళ్లీ మళ్లీ మార్చేది బాగుండదు."

ఆ మాట తగిలిన నాటి నుంచి దరియావలి పాకలోనే కాపురం పెట్టినాడు. కూతురు ఫర్జానా గూడూరులో డిప్లొమా చదివి వచ్చి నాయన పక్కనే స్పానర్లు పట్టుకుంది. తుప్పు గీకి, పాత డీజిలు డ్రమ్ములు చీల్చి అడుగు రేకులు వేసినారు. ఉప్పు గాలి పట్టకుండా కిందంతా పడవలకు పూసే తారు పూసినారు. పైన టాపు గుడ్డ దిల్షాదే తన మిషను మీద కుట్టింది. సూదులు విరిగినాయి గానీ కుట్టు వంకర పోలేదు.

ఈ సాయంత్రం అసర్ నమాజు అయినాక ఆ జీపు గంధం కలశంతో బయల్దేరాలి. వీధిలో మొక్కున్న తల్లులు, మాల మాదిగ రెడ్డి సాయిబు అనే మాట లేకుండా, పసిబిడ్డల్ని దాంట్లో కూర్చోబెడతారు. కాలవ బ్రిడ్జి ఎక్కి దిగిన దాకా బిడ్డలు బండిలోనే ఉండాలి. బ్రిడ్జి దిగుడు ఏటవాలు. దిగిన చోటే మిఠాయి కొట్లు, గాజుల కొట్లు, ఇసకేస్తే రాలని జనం.

ఆగలేదంట.

దిల్షాద్ చేతులు కడుక్కోకుండానే పాక వైపు నడిచింది.

పాక బయటికే మాటలు వినబడుతున్నాయి.

"ఇసక మెత్తగా ఉంటే ఏ బండైనా జారతాది," అంటున్నాడు దరియావలి.

"బ్రిడ్జి మీద ఇసక లేదు నాయనా. తారు రోడ్డు ఉంది."

ఫర్జానా జీపు కింద పడుకుని ఉంది, పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. దరియావలి కిరసనాయిలు గుడ్డతో బానెట్టు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"నేను లేనప్పుడు బండి ఎందుకు తీసినావు?"

"నా బండి నేను తీసేదానికి నీ దగ్గర చీటీ రాయించుకోవాల్నా?"

"తీసినా అని నాకు చెప్పలేదే?"

"మరి నీకెవురు చెప్పినారు?"

"డ్రమ్ము చెప్పింది." పిల్ల కింద నుంచి జరిగి బయటికొచ్చింది. ముక్కు మీద గ్రీజు. "ముందు చక్రం బ్రేకు డ్రమ్ము కాలి నీలం తిరిగుంది. బ్రేకు పట్టుకుని వదల్లేదు. వదలక కాలింది. కాలినాక అసలుకే పట్టలేదు. అవునా కాదా?"

దరియావలి గుడ్డ మడత మార్చినాడు. గుమ్మంలో నిలబడిన పెళ్లాన్ని చూసి, చూడనట్టు మళ్లీ తుడవడం మొదలుపెట్టినాడు.

"అమ్మా, వచ్చినావు గదా. ఎక్కి బ్రేకు తొక్కు," అంది ఫర్జానా.

"నేనెందుకే?"

"నాయన తొక్కితే నాకు నిజం చెప్పడు."

దిల్షాద్ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. తను కుట్టిన టాపు కింద ఒక్కనాడు గూడా కూర్చోలేదు. కొత్త గుడ్డ వాసన, రంగు వాసన. కాలు పెట్టి నొక్కింది.

"ఎట్టుంది?"

"రాయి మాదిరి ఉంది. గట్టిగా ఉంటే మంచిదే గదా."

"కాలు తియ్యొద్దు. అట్నే పెట్టుకో."

పెట్టుకుంది. కాసేపు ఏం కాలేదు. పాక మీద కాకి అరుస్తోంది. అంతలో ఆమె పాదం కింద ఆ రాయి మెత్తబడింది. మెల్లగా, ఆమె నొక్కకుండానే, అడుగుకి జారడం మొదలుపెట్టింది. కాలువ గట్టున గట్టి నేలనుకుని కాలు మోపితే ఊబి లోపలికి లాగినట్టు. ఆమె సీటు అంచు పట్టుకుంది. బండి కదల్లేదు, పాకలో కట్టెలు ఆనించి నిలబెట్టిన బండి, అయినా ఆమెకు బ్రిడ్జి మీంచి కిందికి పోతున్నట్టే అయింది. కాలు వెళ్లి రేకుకి తగిలింది.

"దిగిపోయింది," అంది.

ఫర్జానా వచ్చి తల్లి కాళ్ల దగ్గర రేకు మూత ఎత్తింది. కింద బ్రేకాయిలు బుడ్డి. మూత తిప్పి, వేలు ముంచి, వెలుతురులో పట్టుకుంది. వేలి మీద రెండు రకాల తడి, ఒకదానితో ఒకటి కలవకుండా.

"ఇంకేదో నూనె పడింది దీంట్లో. బ్రేకాయిలు తప్ప ఏ నూనె పడినా రబ్బరు వాచర్లు నానబెట్టిన శనగల్లాగా ఉబ్బతాయి. అంతా ఉబ్బుంటాయి, నాలుగు చక్రాలకీ." ఆ వేలు నాయన ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు."

"ఎవడో కల్తీ డబ్బా అంటగట్టినాడు."

"సీలు నేనే విప్పినా. అది కల్తీ గాదు." వేలు తల్లి ముక్కు దగ్గరికి తెచ్చింది. "నువ్వు చూడమ్మా."

దిల్షాద్ చూసింది. చూసీ చూడకముందే తెలిసింది.

ఊదు పొగ. మాడిన వత్తి. వాడిన మల్లెలు. నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె, ఆముదం, ఊరు ఊరంతా ఎవరికి కుదిరింది వాళ్లు తెచ్చి పోసే దర్గా దీపం వాసన. ప్రతి బేస్తవారం అత్త చిన్న సీసాలో తెచ్చి బిడ్డల నుదుటికి రాసే నూనె వాసన. ఈ పిల్ల నెత్తిన రాసి రాసి పెంచిన వాసన. దానికే తెలీలేదు, పుట్టిన కాడ్నుంచి ఉన్న వాసన ఎవరికి తెలస్తాది.

"ఏం వాసనమ్మా?"

"నాకేం తెలస్తాది," అంది దిల్షాద్, దిగుతూ.

"రబ్బర్లన్నీ మార్చాల నాయనా. పైపులన్నీ కడగాల. పోయినసారి మద్రాసులో చెప్పి, సూళ్లూరుపేటకి రైల్లో తెప్పించినాం. ఈరోజు అయ్యే పని గాదు."

దరియావలి బానెట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడినాడు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు మీద పెట్టినట్టు.

"ఈరోజే గంధం," అన్నాడు.

అత్త మస్తాన్‌బీ తిన్నె మీద కూర్చుని సాన మీద గంధం చెక్క అరగదీస్తోంది. ముసలామెకు చూపు తగ్గింది గానీ చేతికి బలం తగ్గలేదు. పక్కన కలశం, పచ్చ గుడ్డ, మల్లెచెండ్లు.

దిల్షాద్ వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అత్తా, పోయిన బేస్తవారం తెచ్చిన నూనె సీసా యాడ పెట్టినావు?"

"ఏం, ఎవరికి దిష్టి తగిలింది?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొఖమా అది. అయిపోయింది."

"నిండు సీసా గదా. అంత నూనె యాడ పోసినావు?"

"పొయ్యాల్సిన కాడ పోసినా." చెక్క తిప్పి రెండోవైపు అరగదీసింది. "మీ మామ ఆ రేకు కింద బుడ్డిలో ఆముదం పోసేవాడు. నేను లాంతరు పట్టుకునేదాన్ని. బ్రేకాయిలు కావాలంటే నెల్లూరు పోవాల్సిన కాలం. మరి ఆగలేదా ఆ బండి? మీ పెళ్లికి గూడూరు నుంచి నిన్ను తెచ్చింది ఆ ఆముదం మీదనే. వీళ్లు తండ్రీ కూతురు ఏవేవో డబ్బాలు తెచ్చి పోసినారు, బాబా దీవెన ఉండే బర్కత్తు నూనె ఒక్క చుక్క పొయ్యలేదు. రేకు తీసి పెట్టి అన్నానికి వచ్చినారు. చూస్తే బుడ్డి వెలితిగా ఉండాది. ఫాతెహా చదివి నింపినా."

 

"ఆనాటి రబ్బర్లు వేరంట అత్తా. ఇప్పుడు వచ్చేవి నూనె తగిలితే ఉబ్బతాయంట. బండి ఆగడం లేదు."

సాన మీద చప్పుడు ఆగింది.

"ఎవరన్యారు ఆ మాట?"

"ఫర్జానా. నేనూ తొక్కి చూసినా."

"అయితే బాబా దీపంలో కాలిన నూనె బిడ్డల్ని చంపతాదంటావు." ముసలామె గొంతు పెంచలేదు. "ఆ మాట నీ నోటితో అను. నా మొఖం చూసి అను."

ఎట్ట అనేది? అవునంటే దర్గా మీద మాట. కాదంటే బ్రిడ్జి కింద బిడ్డలు. దిల్షాద్ మెట్టు మీద గీతలు చూస్తూ కూర్చుంది. ఆమె ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి అత్త మాటకి ఎదురు చెప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవీ ఉప్పు కారం సంగతులే.

తలెత్తితే గుమ్మంలో దరియావలి. ఎప్పుడొచ్చినాడో. విన్నాడని మొఖమే చెప్తోంది. తల్లిని చూసినాడు, పెళ్లాన్ని చూసినాడు, ఒక్క మాట లేకుండా లోపలికి పోయినాడు.

మస్తాన్‌బీ మళ్లీ చెక్క అందుకుంది. ఈసారి చేతిలో అది ఒకటి రెండుసార్లు జారింది.

లోపల మొగుడూ పెళ్లామూ కూతురూ చేరి తలుపు దగ్గరికి వేసినారు.

"ఎవరూ నోరు విప్పేది లేదు," అన్నాడు దరియావలి. "లో గేరులో దించుతా. చీమ నడక. బ్రేకుతో పని లేదు."

"లో గేరు జారతాది," అంది ఫర్జానా. "కడ్డీ చేత్తో అదిమి పట్టుకుంటేనే నిలుస్తాది. అది మార్చాలని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటుండా. నిన్న పట్టుకోనే ఉండావా?"

అతను తలాడించినాడు.

"పట్టుకున్నా జారిందా?"

అతను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. జారిందని తల్లీకూతుళ్లిద్దరికీ అర్థమైంది.

"హాండ్‌బ్రేకు?"

"ఆ కాస్త ఉండబట్టే ఇసకలో ఆగినా."

దిల్షాద్ కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఒక తీగ పీకేస్తా నాయనా," అంది ఫర్జానా. "స్టార్టు కాలేదని చెప్దాం. ఇంజిను మీద పెడదాం. ఇంజిను చెడితే ఎవురికీ పాపం రాదు."

"పొద్దున్నే వీధంతా విన్నారు దాని శబ్దం. అర్మాన్ వచ్చి సీట్లో కూర్చుని మరీ పోయినాడు, గుర్రం మాదిరి ఉంది అన్నా అన్యాడు. ఇప్పుడు కదల్లేదంటే ఏమనుకుంటారు? సుబ్బు కత ఊరంతా తిరగతా ఉండాది. పెద్దాయన కొడుకుని ఒప్పుకోలేదు, బాబా ఈ ఇంటి గంధం ఒద్దన్యాడు అంటారు."

"నిజం చెప్పేస్తే?" అంది దిల్షాద్.

"నిజం చెప్తే ఇంకా బాగుంటాది. బాబా నూనె పోస్తే బండి చెడిందంట, దరియావలి ఇంట్లో వాళ్లకి దర్గా నూనె విషమంట. మా అమ్మ మళ్లా ఆ గడప ఎట్ట తొక్కతాది?"

"తొక్కకపోతే పోనీ," అంది ఫర్జానా. "అవ్వ గడప తొక్కేదానికి ఎవరి బిడ్డ చావాల?"

దరియావలి చెయ్యి లేచింది. పైకి లేచినాక దాన్ని ఏం చెయ్యాలో తెలియక తన నెత్తి మీదే పెట్టుకున్నాడు. ఈ పిల్ల మీద ఎన్నడూ లేవని చెయ్యి అది.

బయట సానరాయి చప్పుడు ఒక్కటే, ఆగి ఆగి.

"నీకు భయం లేదా?" అని మొగుణ్ణి అడిగింది దిల్షాద్, మెల్లగా.

"నిన్న కాలు పోయి రేకుకి తగిలినప్పట్నుంచి నాకు భయం తప్ప ఇంకేం లేదు." మంచం మీద కూర్చున్నాడు. "కింద ఒక గొర్రెలతను మంద తోలుకుపోతా ఉండాడు. చివరి గొర్రె దాటింది, నేను దాటినా. రెంటికీ మధ్య ఇంతే." చేతులతో చూపించినాడు, అన్నం పళ్లెం అంత. "కళ్లు మూస్తే ఆ గొర్రె కనబడతాది."

"అయితే ఎందుకయ్యా?"

"అదొక్క భయమే అయితే నువ్వు చెప్పినట్టే చేసేవాణ్ణి," అన్నాడు. లేచి తలుపు తీసుకుని స్నానానికి పోయినాడు.

దిల్షాద్ కూతురి వైపు తిరిగింది.

"ఏ తీగ?"

"బానెట్టు కింద కుడిపక్క. నల్లది." ఫర్జానా తల్లి మొఖం చూసింది. "నేను పీకితే నాయన నన్ను మళ్లీ ఆ పాకలోకి రానీడు. అయినా పీకతా."

కానీ వాళ్లు పాక దగ్గరికి పోయేసరికి అర్మాన్ మనుషులు జీపుకి మల్లెదండలు కడుతున్నారు. బానెట్టు మీద పచ్చ జెండా పరిచి తాళ్లతో బిగించేసినారు.

అసర్ అయింది. డప్పులు ఇంటి ముందుకి వచ్చినాయి. జీపు వీధిలో నిలబడి ఉంది, పెద్దాయన నాటి రంగులో, ఇంజిను ఆడుతూ. మల్లెల మధ్య అది అందంగా ఉంది. దిల్షాద్ గుమ్మంలోనే ఆగిపోయింది.

దరియావలి తెల్ల లాల్చీ వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి గేరు కడ్డీ మీద. మొఖం కడుక్కున్నా చెమట పోతూనే ఉంది.

మస్తాన్‌బీ కలశం నెత్తిన పెట్టుకుని వచ్చింది. దాన్ని కొడుక్కి అందించాలి, అది ఆనవాయితీ. ఆమె అందించలేదు. కొడుకు పక్క సీట్లోకి ఎక్కి, కలశం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, నువ్వెందుకు?" అన్నాడు అర్మాన్. "ఆడోళ్లు ముందు సీట్లో ఎక్కేది ఎప్పుడూ లేదు గదా."

"నేను ఎక్కాల్సిన పని ఉంది. ఎక్కినా."

"నీ ఇష్టం. ముసలోళ్లకి ఎదురు చెప్పి నేను నెగ్గింది లేదు," అని నవ్వి అతను వెనక్కి పోయినాడు. "రాండమ్మా, మొక్కున్నోళ్లు బిడ్డల్ని తీసుకురాండి. ఒకరి తర్వాత ఒకరు. తోసుకోబాకండి."

వెనక రేకు తలుపుకి చేతులు ఆనించి ఫర్జానా నిలబడి ఉంది.

"తలుపు బిగుసుకుపోయింది చిన్నాయనా. తెరుచుకోదు."

"పొద్దున నేనే తెరిచినా గదమ్మా," అని అర్మాన్ పిల్ల చేతుల మీంచి గొళ్లెం లాగినాడు. తలుపు కొత్తగా గ్రీజు పెట్టిన తలుపు, చప్పుడు లేకుండా తెరుచుకుంది.

ముందు వరసలో ఒకామె బిడ్డని ఎక్కించింది. ఇంకొకామె ఇద్దరిని. కాటుక బొట్లు, కొత్త జుబ్బాలు. ఒక పిల్లోడు ఎక్కీ ఎక్కగానే ముందుకి పోయి హారను కొట్టాలని చూసినాడు. దరియావలి వెనక్కి తిరిగి వాణ్ణి చూసినాడు. చూసి, వాడి మీంచి పెళ్లాన్ని చూసినాడు. దిల్షాద్‌కి ఆ చూపు తెలుసు. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ఒక్కటి అడుగుతున్నాడు, నోరు విప్పొద్దని.

ఆమె పాదం అడుగున ఆ రేకు ఇంకా తగులుతూనే ఉంది.

మాలకొండమ్మ వంతు వచ్చింది. మనవడికి గుండు చేయించి, గంధం పూసి, చంకనేసుకుని ఉంది. వాడు ఒక బొరుగుల ఉండ పట్టుకుని చీకుతున్నాడు. ఆమె తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, గుమ్మంలో ఉన్న దిల్షాద్‌ని వెతుక్కుంది. పెదాల మీద నవ్వు. కళ్లల్లో సుబ్బు మాటలు.

"దిల్షాదూ, ఎక్కించేదా బిడ్డని?"

ఊరికే అడిగినట్టు అడిగింది. ఎక్కించు అంటే ఎక్కించేస్తుంది.

"ఒద్దక్కా," అంది దిల్షాద్.

గొంతు పెద్దది చేసిందేం కాదు. అయినా దగ్గరున్న డప్పు ఆగింది. అది చూసి రెండోది ఆగింది.

"బండికి బ్రేకులు లేవు. నిన్న బ్రిడ్జి మీద గూడా లేవు. సుబ్బు చూసింది నిజమే. దయ్యం గాదు, మా మామ గాదు. బ్రేకులు లేవు. ఎక్కిన బిడ్డల్ని దించుకోండి."

ఒక తల్లి ఏడుస్తున్నట్టు ఏదో అంటూ ఎగబడి బిడ్డని లాక్కుంది. మిగిలిన వాళ్లూ ఎగబడినారు. బొరుగుల ఉండ కిందపడితే మాలకొండమ్మ మనవడు గుక్కపట్టినాడు.

"ఏంది వదినా ఇది?" అర్మాన్ మొఖంలో కోపం ఉందో సంతోషం ఉందో చెప్పడం కష్టం. "పొద్దున బాగున్న బండి. ఎట్ట చెడినాయి బ్రేకులు?"

ముందు సీట్లో మస్తాన్‌బీ వేళ్లు కలశం చుట్టూ బిగుసుకున్నాయి. ఆమె తల తిప్పి కోడలి వైపు చూడలేదు.

"చెడినాయి," అంది దిల్షాద్. "ఇనుము గదా, చెడతాది. ఎట్ట చెడితే నీకెందుకు."

"నాకెందుకా. గంధం పోవాల గదా వదినా. జనం దిబ్బ కాడ నిలబడుండారు."

వీధి వీధంతా దరియావలి వైపు తిరిగింది. బండి వెనక ఇప్పుడు ఖాళీ. ఇంజిను మాత్రం ఆడుతూనే ఉంది. ఫర్జానా పోయి ముందు చక్రానికి ఎదురుగా నిలబడింది. నాయన ఆ పిల్లని చూడలేదు, పక్కనున్న తల్లిని చూడలేదు. గేరు కడ్డీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇంట్లో మాట తెచ్చి వీధిలో పోసినావు," అన్నాడు పెళ్లాంతో, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడే గొంతుతో. "రేపట్నుంచి ఈ ఊళ్లో నేను ఎట్ట తిరగాల?"

"తిరిగేదానికి నువ్వు ఉంటావు గదా," అంది దిల్షాద్.